చీటీ లేని మందు

మదురై ఆస్పత్రిలో ఉన్న అత్తను చూసి మధ్యాహ్నం బస్సు దిగిన మేనక ఇంటికి వెళ్ళలేదు. ఎంగిలి కూడా పడకుండా వాడిపట్టి బజారులోని మందుల షాపుకు వచ్చి తెల్లకోటు తొడుక్కుంది. వానలు పట్టిన దగ్గర్నుంచీ ఊరంతా జలుబు, జ్వరం. కౌంటరు ముందు జనం తోసుకుంటున్నారు.

షాపు ఆమె భర్త అన్నగారు చెన్నకేశవన్‌ది. లైసెన్సు మాత్రం మేనక చదివిన ఫార్మసీ చదువు మీద నడుస్తోంది. సర్టిఫికెట్ ఆమెది, మాట ఆయనది.

"అమ్మ ఎట్లుండాది?" తల ఎత్తకుండానే అడిగాడాయన.

"మూత్రంలో చేరిన చీము రత్తంలోకి పోయిందంట బావా. మామూలు మందులేవీ పట్టలేదంట. ఇబ్బుడు నరానికి వేరే ఇంజక్షను ఊసి వేస్తుండారు. అదీ పట్టకుంటే ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు."

ఇంతకు ముందు ఏ మందులు వాడారని కూడా డాక్టరు అడిగాడు. అత్త తిరుమలమ్మాళ్‌కు గొంతు నొప్పైనా, కడుపు నొప్పైనా, పత్తి తీసి ఒళ్ళు అలిసినా కొడుకు షాపులోని యాంటీబయాటిక్ మాత్రే. కాస్త తేలికపడగానే ఆపేసేది. కొన్నిసార్లు నీళ్ళ చెంబుతో మేనకే అందించింది.

జనాన్ని తప్పించుకుని పాంచాలి ముందుకొచ్చింది. మల్లెతోటల్లో పూలు కోసే మనిషి. భుజాన కూతురు.

"పోయిన తూరి ఇచ్చిన ఎర్ర మాత్తరే ఈయి తాయీ. బిడ్డకు జరం."

ఆమె అడిగేది యాంటీబయాటిక్. మేనక బిడ్డ నుదురు తాకింది. ఊపిరి తీరు కాసేపు చూసింది. ముక్కు కారుతోంది.

"ఇది జలుబు జరం అక్కా. ఆ మాత్తర దీనికి పని చేయదు. జరానికి మందిస్తా, నీళ్ళు బాగా తాపు. ఊపిరి ఎగబోసినా, జరం దిగకున్నా గవర్మెంటు ఆస్పత్తిరికి ఎత్తకపో."

"ఆస్పత్తిరికి పోతే ఆ దినం కూలి పోతాది. తోటకాడ ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆ మాత్తరకే కదా పోయిన తూరి లేచి ఆడుకునింది."

అబద్ధం కాదు. ఆ జలుబు ఏ మందూ లేకుండానే తగ్గేదని ఈ తోపులాటలో ఎలా చెప్పడం?

"ఇచ్చి పంపు మేనకా," అన్నాడు చెన్నకేశవన్.

"డాక్టరు చీటీ లేకుండా ఈయను బావా."

"నువ్వు ఈయకుంటే ఎదుటి మందుల కడలో ఇస్తారు. మనకు గిరాకీ పోతాది, ఆమెకు మాత్తర దొరుకుతాది. నువ్వు ఆపిందేముండాది?"

మేనక జ్వరం మందు సీసా తీసి కౌంటరు మీద పెట్టింది.

"మీ ఇంట్లోవాళ్ళకైతే ఈయకుంటారా?" అంది పాంచాలి కోపంగా.

"ఇచ్చినాం అక్కా. మా అత్త అడిగినబుడంతా ఇచ్చినాం. అట్ల మింగి మింగి ఇబ్బుడు ఆమెకు మామూలు మందేదీ పట్టలే."

జనం తలలు ఆయన వైపు తిరిగాయి. చెన్నకేశవన్ ముఖం నల్లబడింది.

"కడలో నిలబడుకొని మా అమ్మ మాట ఎత్తొద్దు."

సొరుగు లాగి, కత్తెరతో పట్టీలోంచి ఎర్ర మాత్రలు కత్తిరించి కౌంటరు అద్దం మీద పడేశాడు. మేనక వాటిమీద అరచెయ్యి పెట్టేసింది.

"చెయ్యి తియ్యి."

"తియ్యను బావా."

ఆయన చెయ్యి ముందుకొచ్చింది. తమ్ముడి భార్య చేతిని తాకలేక మధ్యలోనే ఆగింది. పాంచాలి చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆమె భుజం మీద బిడ్డ దగ్గుతోంది.