అందని పై స్వరం

మా రికార్డుల కొట్టు వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నం పూట కొందరు చేరతారు. కొనేది తక్కువ, వినేది ఎక్కువ. వాళ్లకో పద్ధతి ఉంది. ఏ ఆల్బమ్ అయినా అట్టకి పాత పేపరు చుట్టేసి, ఎవరిదో చెప్పకుండా పెట్టాలి. రెండు వైపులూ అయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. అయ్యాక వరసగా ఒక్కొక్కరే అభిప్రాయం చెప్పాలి, మధ్యలో ఇంకొకరు అడ్డు రాకూడదు. ఆ తర్వాతే పేపరు విప్పుతాను. పేరు చూసి ఆహా ఓహో అనడం, పేరు చూసి పెదవి విరవడం మనుషులకి వెన్నతో పెట్టిన విద్య కాబట్టి ఈ ఏర్పాటు. ఇది పెట్టింది నేనే. పెట్టినందుకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఆ ఆదివారం పేపరు చుట్టింది మా బావ ఆల్బమ్‌కి.

బావ అంటే మా అక్క మొగుడు. మా చుట్టుపక్కల గిటార్ పట్టుకున్న ప్రతివాడూ ఏదో ఒక రోజు ఆయన గుమ్మం తొక్కినవాడే. ఆయన వాయించేది అమెరికావాళ్ల బ్లూస్, అందులో టెక్సాస్ బాణీ. దిగులు పాటే, కానీ మూల కూర్చుని ఏడ్చే దిగులు కాదు, చొక్కా తొడుక్కుని పనికి బయల్దేరిన దిగులు. లావుపాటి తీగలు, వేళ్లతో వాటిని పక్కకి లాగి మూలిగించడం, కింద బరువుగా ఊగే నడక, ఆ నడక మీంచి ఉన్నట్టుండి పైకి పరుగు. ఆ పరుగు కోసమే జనం ఎగబడేవాళ్లు.

ఆ పరుగు ఆగిపోయింది. ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరం వేలు మాట వినడం మానేశాయి. ముందు చేతిలోంచి కాఫీ కప్పు జారింది, తర్వాత తీగ జారింది. నరం దెబ్బతిందని, ఇక ఆశ పెట్టుకోవద్దని ఆసుపత్రిలో చెప్పేశారు. ఆ సంగతి ఇంట్లోవాళ్లం తప్ప ఎవరికీ తెలియదు. కచేరీలు ఎందుకు మానేశారని ఎవరైనా అడిగితే, "విసుగొచ్చిందట" అని అక్క మాట మార్చేసేది. గిటార్ పెట్టె మంచం కిందకి పోయింది. చాలాకాలం అక్కడే ఉంది. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, దాన్ని బయటికి లాగి, మిగిలిన రెండు వేళ్లతోనే కూర్చుని ఈ ఆల్బమ్ రికార్డు చేశాడు. అందులో పాడేవాళ్లు లేరు, వెనక వాయించేవాళ్లు లేరు. గిటార్ ఒక్కటే.

అచ్చుకి పంపే ముందు నమూనా రికార్డు నా చేతిలో పెట్టి షరతు చెప్పాడు.

"మీవాళ్లకి వినిపించు. నేను వెనకాల కూర్చుంటా. నా చెయ్యి సంగతి ఒక్కడు పసిగట్టినా ఇది బయటికి పోదు. గిటార్ కూడా అమ్మేస్తాను."

బావ ఒకమాట అంటే అంతే. ఆ పొద్దున అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఎలాగైనా గట్టెక్కించరా. ఆ పెట్టె గడప దాటితే మీ బావ మనిషిలా ఉండడు" అంది.

ఎలాగైనా అంటే ఎలాగో చెప్పలేదు. మా అక్క ఎప్పుడూ అంతే, పని చెబుతుంది, దారి చెప్పదు. నాకు తోచిందల్లా ఒక్కటే. వినేవాళ్లలో ఒకాయన పళ్ల డాక్టరు. కుర్రతనంలో బావ పక్కన డ్రమ్స్ వాయించినవాడు. తర్వాత ఏదో మాటపట్టింపు వచ్చి, ఎదురుపడితే తలూపుకోవడం దాకానే మిగిలింది. ఆయన రాకుండా ఉంటే చాలనుకుని, ఈ ఆదివారం కొట్టు తియ్యడం లేదని ఫోన్ చేసి చెప్పాను. అందరికంటే ముందు ఆయనే వచ్చి కూర్చున్నాడు. అటుగా పోతుంటే తలుపు తీసి ఉందట. నా అబద్ధాలు ఎప్పుడూ ఇలాగే ఏడుస్తాయి.

గది వెనక భాగంలో ర్యాకులు అడ్డంగా ఉంటాయి. వాటి వెనక పెట్టెలు సర్దే బల్ల, ఒక స్టూలు. ఎవరూ రాకముందే బావ వెళ్లి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ప్లేయర్ పక్కనున్న నా కుర్చీలోంచి చూస్తే రికార్డుల సందులో ఆయన భుజం కనబడుతోంది. సూది పెట్టాను.

నడక అదే నడక. తీగ మూలుగూ అదే. కానీ పాట మెట్లెక్కినట్టు ఎక్కి ఎక్కి, పై స్వరం దాకా వచ్చి, అక్కడ ఊరుకుంటుంది. ఖాళీ. మళ్లీ నెమ్మదిగా కిందకి దిగిపోతుంది. ప్రతి పాటలోనూ అంతే. నాకు సంగతి తెలుసు కాబట్టి ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఎవరైనా పసిగట్టారేమోనని మొహాలు చూస్తున్నాను.

రెండు వైపులూ అయ్యాయి. ముందు లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఏది వాయించాలో చాలామందికి తెలుసని, ఏది వాయించకూడదో తెలిసినవాణ్ని ఇవాళే విన్నానని అన్నారు. ఎంత ఎదిగితే మనిషికి ఈ నిగ్రహం వస్తుందో అని చాలాసేపు మాట్లాడారు. మాస్టారు మొదలుపెడితే గంట కొట్టాల్సిందే. ఆ తర్వాత లైబ్రరీ మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇంట్లో ఒకరు పోయాక వాళ్ల కుర్చీలో ఎవరూ కూర్చోకుండా వదిలేస్తాం కదా, ఆ ఖాళీలు వింటుంటే అలా ఉందంది.

మూడో వంతు బస్సు డ్రైవరుది. ఆయన నా వైపు తిరిగి, ఏమీ అనుకోవద్దని ముందే అనేసి మొదలుపెట్టాడు.

"మీ బావగారు ఇది వినాలండీ. ఆయన చేతిలో పనితనం ఉంది, కాదనను. కానీ ఒకటే పరుగు. ఇతను చూడండి, ఆగడం నేర్చుకున్నాడు."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పసిగట్టకపోగా నెత్తిన పెట్టుకుంటున్నారు. అది బావదని కూడా గుర్తుపట్టలేదు. ర్యాకుల సందులోంచి బావకేసి చూశాను. ఒక్కొక్కరు మెచ్చుకున్నకొద్దీ ఆ భుజం కిందకి జారుతోంది. బరువు దిగిపోతోంది పాపం, హమ్మయ్య అనుకుంటున్నాడు, అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఇక పళ్ల డాక్టరు మిగిలాడు. ఆయన నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. మీ వంతేనండీ అన్నాను. తలెత్తాడు.

"ఏ వేలు?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వేళ్లతో మీకేం పని, పళ్లుంటే చెప్పండి అని ఏదో హాస్యం ఆడబోయాను. ఆయన నన్ను పట్టించుకోలేదు.

"రెండోవైపు మొదటి పాట మేం కాలేజీలో వాయించింది. ఎక్కడా రికార్డు కాలేదు. పైన ఒక స్వరం ఉంటుంది. అది వచ్చేదాకా నేను డ్రమ్ము పుల్ల ఎత్తిపట్టుకుని ఉండేవాణ్ని. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు, ఇందాకట్నుంచీ నా చెవి అక్కడికే పోతోంది. వాడు దాన్ని వదిలేసే రకం కాదు. అందక వదిలేశాడు. ఏ వేలు పోయింది వాడికి?"

అయిపోయింది అనుకున్నాను. అక్క మొహం కళ్లముందు కదిలింది. వెనక స్టూలు జరిగిన చప్పుడైంది. బావ ర్యాకులు దాటుకుని వచ్చి అందరి ముందూ నిలబడ్డాడు. మొహమంతా తడిగా ఉంది. డ్రైవరు లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. మాస్టారు తల దించుకున్నారు. బావ వాళ్లెవరినీ చూడలేదు. ఎడమచెయ్యి డాక్టరు ముందు చాపాడు.

"రెండు వేళ్లురా" అన్నాడు.

డాక్టరు ఆ వేళ్లని తన వేళ్లతో తిన్నగా చాపి వదిలాడు. అవి మళ్లీ ముడుచుకున్నాయి. ఆయన ఆ చేతిని అలాగే పట్టుకున్నాడు.

నేను ఉండబట్టలేక, షరతు సంగతి మర్చిపోదాం బావా, ముగ్గురికి నచ్చింది కదా అన్నాను. బావ నాకేసి తిరిగాడు. కోప్పడతాడనుకున్నాను. కోపం లేదు ఆ మొహంలో.

"వీళ్లు మెచ్చుకుంటుంటే నాకు ప్రాణం పోయిందిరా. ఆ స్వరాలు లేకపోయినా ఎవరికీ ఏ లోటూ లేదు. అలాంటప్పుడు ఇన్నేళ్లూ ఎవరికోసం వాయించినట్టు?" డాక్టరు వైపు చూపించాడు. "వీడికి లోటు తెలిసింది. అచ్చుకి పంపించెయ్."

పట్టుబడకుండా కాపాడాలని నేను, అక్క ఇన్నాళ్లూ కిందామీదా పడ్డాం. ఆయనకి కావాల్సింది పట్టుకునే ఒక్క మనిషని మా ఇద్దరికీ తట్టలేదు. బహుశా ఆయనకీ అప్పటిదాకా తెలియదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

రెండోవైపు మళ్లీ పెట్టమన్నాడు బావ. కుర్చీ లాక్కుని డాక్టరు పక్కన కూర్చున్నాడు. పాట మెట్లెక్కుతూ ఆ చోటికి వచ్చింది. డాక్టరు చెయ్యి గాల్లోకి లేచి ఆగింది. ఖాళీ వచ్చింది. అందులో, పెదాలు విప్పకుండానే, బావ ఆ పై స్వరాన్ని సన్నగా మూలిగాడు. డాక్టరు చెయ్యి దరువులా తొడ మీద పడింది.

ఆ పాట పూర్తిగా వినడం నాకు అదే మొదటిసారి.