ఏడోనాటి స్నానం

పోలమ్మ పెరట్లో కాళ్లు బారచాపి, పిల్లవాణ్ణి వాటిమీద పడుకోబెట్టుకుని, కాగులోని నీళ్లను మోచేతితో తాకి చూసింది. వేడి సరిపోయింది. ఒంటికి ఆముదం రాసి, సున్నిపిండితో నలిచి, బొడ్డుకు కట్టిన గుడ్డ తడవకుండా నీళ్లు పోసింది. దోర్నాల బాటలో ఉన్న ఆ ఊళ్లో ప్రతి పురిటింటా ఏళ్లుగా చేస్తున్న పనే అది. మంత్రసాని చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి. కళ్లు మాత్రం పొద్దుటి నుంచీ వాడి ముఖం మీదే ఉన్నాయి. ఇవాళ ఏడోనాడు.

లోపల గదిలో ఉన్న బాలింతరాలు పుల్లమ్మకు ఇంతకుముందు పుట్టిన ఇద్దరూ ఏడోనాడే పోయారు. దవడలు బిగిసి, పాలు తాగలేక, కొయ్యబారి పోయారు. ఏడోనాటి గండమన్నారు ఊళ్లో. ఏం గండమో, ఏం పాడో! వాళ్ల బొడ్డు కొడవలితో కోసి, బూడిద అద్దింది పోలమ్మే. బ్లేడు ఉడకబెట్టాలనీ, బొడ్డు మీద ఏమీ పెట్టకుండా ఉడికించిన గుడ్డ కట్టాలనీ, ఊడిపడేదాకా విప్పొద్దనీ మార్కాపురం ఆసుపత్రి నర్సు విశ్వాసమ్మ చెప్పినప్పుడు పోలమ్మకు ఆ ఇద్దరు బిడ్డలే కళ్లముందు మెదిలారు. ఈసారి అచ్చం అట్లాగే చేసింది.

ఒళ్లు తుడిచి, ఎప్పటిలాగే వాడి నోట్లో చిటికెనవేలు పెట్టబోయింది. నిన్నటిదాకా గబుక్కున చప్పరించేవాడు. ఇవాళ వేలు లోపలికి పోలేదు.

"ఏందిరా నాయనా? ఆకలి కాలేదా?" అంది.

బొడ్డు గుడ్డ విప్పింది. లోపల నల్లగా, జిడ్డుగా బూడిద.

"వదినా, ఇదేంది? ఎవురు పెట్టినారు?"

పొయ్యి దగ్గరి నుంచి పుల్లమ్మ అత్త నాగరత్నమ్మ సంబరంగా చెప్పింది. "నేనే. పుట్టిననాడు నువ్వు ఇంటికి పోయినాక పెట్టి, మళ్లా కట్టినా. గొర్రె పెంటికల బూడిద. మన మందలో పుట్టిన ప్రతి గొర్రెపిల్లకూ బొడ్డుకు నా చేత్తోనే పెడతా గదా! ఒక్కటన్నా పోయిందా?"

"ఎంత పని చేసినావు వదినా! ఆ బూడిదలోనే ఉండాదంట గండం."

నాగరత్నమ్మ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. తిట్టడానికి పోలమ్మకు నోరు రాలేదు. మొన్నమొన్నటిదాకా తనూ నమ్మిన బూడిదే అది.

"కాటమరాజును బండి కట్టమను. మార్కాపురం పోవాల."

పుల్లమ్మ మొగుడు కాటమరాజు ఎద్దులను అదిలించాడు. పచ్చి బాలింత ఇంట్లో ఉండనంది, అత్తా ఎక్కింది. బండి కుదిపినప్పుడల్లా వాడి పిడికిళ్లు బిగుసుకుని, నడుము విల్లులా లేస్తోంది. కంటికి వెలుతురు తగలకుండా పోలమ్మ పైట కప్పింది. ఆసుపత్రి దాకా నిలుపు సామీ, అక్కడి దాకా చాలు అని లోపల్లోపలే మొక్కుకుంది.

"పెద్దమ్మా, నిన్న పెరుగన్నం తిన్నా," అంది పుల్లమ్మ ఏడుస్తూ. "పథ్యం తప్పినాననా? నేనే చంపుకుంటాండానా?"

పోలమ్మ నాగరత్నమ్మ వైపు చూసింది. చెబితే ఈమె బతుకుతుందా? చెప్పకపోతే పుల్లమ్మ బతుకుతుందా?

నాగరత్నమ్మ తనే నోరు విప్పింది. "నీ పెరుగు కాదు తల్లీ. బూడిద పెట్టినా. నేనే పెట్టినా."

పుల్లమ్మ అత్త ముఖంలోకి చూసి, బిడ్డ వైపు తిరిగింది.

మార్కాపురం మొదట్లో ఇళ్లు కనబడుతుండగా పిల్లవాడి పిడికిళ్లు విడివడ్డాయి. నిద్రపట్టిందేమోనని పోలమ్మకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. పైట తొలగించి, వాడి గుండె మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అట్లాగే ఉంచింది.

"ఇంక ఎద్దులను కొట్టొద్దు నాయనా," అంది కాటమరాజుతో.

పొద్దు వాలుతుండగా, తమ ఊరి బయట మట్టి కప్పి ఇంటికి వచ్చారు. పుల్లమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాగరత్నమ్మ గడప దాటకుండా, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

"మంచం కాడ అది ఉండాది. నువ్వే తియ్యి వదినా. ఈ చేత్తో నేను ముట్టను."

పోలమ్మ దగ్గరికి వెళ్లింది గానీ, ఆమెకూ చెయ్యి రాలేదు. రాబోయే పురిటిస్నానం నాడు మనవడికి కట్టాలని నాగరత్నమ్మ నల్ల ఉన్నితో పేనుతున్న మొలతాడు, ఇంకా జానెడు పొడవు తక్కువగా, మంచంకోడుకు వేలాడుతోంది.