వడ్రంగి ఇంట్లో తుఫాను

తుఫాను ఇంకా సముద్రంలోనే ఉంది. వడ్రంగి ఇంట్లో మాత్రం పొద్దున్నే తీరం దాటింది. దాన్ని వెంటబెట్టుకొచ్చినవాడు ఆయన బావమరిది.

ఒక భుజం మీద నైలాన్ తాడు చుట్ట, రెండు చేతుల్లో నీళ్ళ డబ్బాలు, వీపున ఉబ్బిపోయిన సంచి. గుమ్మంలో సంచి దించగానే అందులోంచి టార్చిలైట్లు, కొవ్వొత్తులు, టేపు చుట్టలు, మందుల డబ్బా, ధర చీటీ ఇంకా ఊడని కొత్త సుత్తి ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. వడ్రంగి వాటన్నిటినీ వరసగా చూశాడు. చివరికి బావమరిదిని చూశాడు.

"ఏంట్రా, పారిపోయి వచ్చావా, దుకాణం పెట్టడానికి వచ్చావా?"

"నవ్వులాట కాదు బావా. ఈసారిది చాలా పెద్దదట. మా వీధి పల్లం కదా, అక్క ఇక్కడికి వచ్చెయ్యమంది."

"అక్క నిన్ను రమ్మంది. బజారుని కూడా తెమ్మందా? అందులో ఈ బొమ్మ సుత్తొకటి!"

"మొదలెట్టారా!" అని వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది. "వాణ్ణి ముందు లోపలికి రానివ్వండి. చిన్నోడా, చెప్పులు బయట వదిలి రా."

ఆ చిన్నోడికి ముప్ఫై దాటాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. పెళ్ళి కాలేదు. కిందటి తుఫానులో ఇంట్లోకి నీళ్ళొస్తే తెల్లవార్లూ ఒక్కడే మంచం మీద నిలబడి గడిపాడు. అప్పట్నుంచి మబ్బు పడితే చాలు, గుండె దడదడలాడుతుంది, అరచేతులకి చెమటలు పడతాయి, ఊపిరి సగంలో ఆగిపోతుంది. డాక్టరు మందిచ్చి, ఊపిరి లెక్కపెట్టి తీసి లెక్కపెట్టి వదలమన్నాడు, చేతులకి ఏదో ఒక పని పెట్టుకోమన్నాడు. పాపం ఆ రెండూ అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నాడు.

వడ్రంగికి ఇదంతా చూస్తే ఒళ్ళు మండుతుంది. మండడానికి ఆయన దగ్గర రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆ ఇంట్లో ప్రతి తలుపూ ప్రతి కిటికీ ఆయన స్వయంగా చేసినవి. చిత్రిక పట్టి, రెక్కకీ చట్రానికీ మధ్య వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చినవి. ఆ ఇంట్లో కూర్చుని గాలికి భయపడ్డమంటే ఆయన పనితనాన్ని ముఖం మీదే తప్పుపట్టడం. రెండోది దేవుడు. రోజూ పొద్దున స్నానం చేసి ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు. దేవుణ్ణి నమ్మినవాడికి భయమేంటని ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు కోసం ఆయన ఎప్పుడూ ఆగింది లేదు.

మధ్యాహ్నానికల్లా బావమరిది బక్కెట్లన్నీ నింపాడు. టీవీ ప్లగ్గు పీకాడు. పెరట్లో కుండీలన్నీ లోపలికి మోశాడు. వడ్రంగి కుర్చీలో కాళ్ళు చాపుకుని ఆ మొక్కలు తన చుట్టూ చేరడం చూశాడు.

"బాగుందిరా. ఇంట్లో అడవి పెంచుతున్నావు. పులిని ఎప్పుడు తెస్తావు?"

"ఎగిరొచ్చి తగుల్తాయి బావా."

"తగిలితే మొక్కకి దెబ్బ. కిటికీకి కాదు."

కాసేపు ఆయన కన్ను మూతపడింది. తెరిచేసరికి పడమటి కిటికీ అద్దాల మీద మూలకీ మూలకీ టేపు అతికించి ఉంది. మెరుగుపెట్టిన చెక్క మీదికి కూడా రెండంగుళాలు పాకి ఉంది. వడ్రంగి లేచాడు. గోటితో అంచు లేపి, టేపుని జర్రున లాగేశాడు. ఉండచుట్టి బావమరిది చేతిలో పెట్టాడు.

"నా కిటికీకి కట్టు కడతావా? దానికేమైనా దెబ్బ తగిలిందా?"

"అద్దం పగిలితే ముక్కలు చెదరకుండా…"

"పగిలితే కదా!"

భోజనాల దగ్గర ఫోను రెండుసార్లు మోగింది. హెచ్చరికలు. రెండుసార్లూ బావమరిది చెయ్యి కంచం మీద ఆగిపోయింది. వడ్రంగి తన గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్ళు తేలేసి, గొంతు సాగదీసి, "అమ్మో, నాకూ భయంగా ఉందిరోయ్!" అన్నాడు. ఇది ఆయనకి బాగా అచ్చొచ్చిన ఆట. ఏళ్ళ తరబడి ఆడుతున్నాడు. భార్య నీళ్ళ చెంబు ఠప్పున కింద పెట్టింది. చేతులు కడుక్కుని, పక్కవీధిలో ఒంటరిగా ఉండే పిన్నిగారికి అన్నం క్యారేజీ ఇచ్చి, వాన ముదరకముందే వస్తానని వెళ్ళింది.

మగవాళ్ళిద్దరే మిగిలారు. బావమరిది గోడకి ఆనుకుని కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు. మెల్లగానే, కానీ బయటికి.

"ఆపరా ఆ ఎక్కాలు. దేవుడున్నాడు."

బావమరిది కళ్ళు తెరిచాడు. ఎదురు చెప్పే అలవాటు లేనివాడు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"నీకు భయమే లేదుగా బావా. మరి రోజూ దణ్ణం పెట్టి ఏం అడుగుతావు?"

వడ్రంగికి మాట దొరకలేదు. ఆయనకి అది మహా అరుదు. దొరకని మాట కోసం వెతుక్కునేవాడు చేతికందినదే విసురుతాడు. ఆయనా అదే చేశాడు.

"నీలా మూల కూర్చుని మూలగను, అంతే. మగపుట్టుక పుట్టావు, సిగ్గనిపించదూ? నువ్వు లెక్కపెడుతుంటే వినలేక చస్తున్నాం మేం. అంతగా ఆగకపోతే పైన రేకుల గదిలోకి పోయి లెక్కపెట్టుకో. అక్కడ నిన్ను భరించాల్సినవాళ్ళు ఎవరూ ఉండరు."

అనేసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఇలాంటివి రోజుకి పది అంటాడు, సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు.

రేకుల గదంటే డాబా మీద ఆయన పనిగది. పనిముట్లు, చెక్క ముక్కలు ఉంటాయి. మూడు వైపులా గోడలు మంచివే, తలుపు మరీ మంచిది. పైన మాత్రం నాలుగు రేకులు, రేకుల మీద బరువుకి నాలుగు రాళ్ళు. మామూలు గాలికే ఆ రేకులు దడదడా కొట్టుకుంటూ తాళం వేస్తాయి. తుఫాను రోజు బుద్ధున్నవాడెవడూ అక్కడికి పోడు. అందుకే అది వెక్కిరింపు. కానీ వెక్కిరింపు అని తెలియాల్సింది వినేవాడికి.

భార్య తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి గాలి వీధిలో ఈల వేస్తోంది. కరెంటు పోయింది.

"చిన్నోడేడీ?"

వడ్రంగి చుట్టూ చూశాడు. గోడ దగ్గర ఎవరూ లేరు. ఎక్కడున్నాడో ఆయనకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కానీ "ఇక్కడే ఎక్కడో ఉంటాడు," అన్నాడు. ఆమె గదులన్నీ తిరిగింది, మంచాల కింద వంగి చూసింది, పెరటి తలుపు తీసి పేరుపెట్టి పిలిచింది. అంతసేపూ ఆయన నిలబడే ఉన్నాడు. నేను పంపానని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. పొద్దుటినుంచీ ఆగని నోరది.

పైన ఏదో దభీమని పడింది. రేకు మీది రాయి.

"పైన ఉన్నాడు," అన్నాడు అప్పుడు.

"పైన ఎందుకుంటాడు? వాడికి మతి పోయిందా?"

"నేను పొమ్మన్నాను."

ఆమె ఆయన వైపు చూసిన చూపు గురించి చెప్పకపోవడమే మర్యాద.

ఆయన కంటికి కనిపించిన కొత్త సుత్తి అందుకుని బయటికి పరిగెత్తాడు. మెట్ల మీద గాలి ఆయన్ని గోడకేసి రుద్దింది. పై మెట్టు దగ్గర నిలబడలేక పాకాడు. గది తలుపుని తోశాడు. కదల్లేదు. భుజంతో గుద్దాడు. భుజానికి లొంగే తలుపులు ఆయన చెయ్యడు. ఇప్పుడా గొప్ప ఆయన భుజానికే తగిలింది.

"ఒరేయ్! తలుపు తియ్యి!"

లోపల్నుంచి లెక్క వినిపిస్తోంది. అంకెలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

"రావట్లేదు బావా! గాలికి తెరుచుకుంటోందని కింద చెక్క చీలికలు కొట్టాను. ఇప్పుడు ఊడట్లేదు."

"ఎన్ని కొట్టావు?"

"ఉన్నవన్నీ."

"ఉన్నవన్నీనా! ఏనుగుని కట్టేస్తున్నావా?" అనేశాడు. అలవాటు.

తలుపు లోపలికి తెరుచుకునేది. దాని కింద దిగ్గొట్టిన చీలికలు వాన నీళ్ళు తాగి ఉబ్బి, పట్టు బిగించేశాయి. వడ్రంగి తలుపు పలక మీద సుత్తితో బలంగా కొట్టాడు. సుత్తి తల ఊడి, డాబా దాటి ఎటో ఎగిరిపోయింది. "చెప్పానా, బొమ్మ సుత్తని!" అని అరిచాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం ఎందుకూ పనికిరాలేదు. చేతిలో కర్ర మిగిలింది. పైన రేకు ఒక అంచు లేచి, మళ్ళీ గోడని చెంపదెబ్బలా కొట్టింది. లేచినప్పుడల్లా గదిలోకి వాన దొర్లుతోంది.

పనిముట్లన్నీ లోపలున్నాయి. చెయ్యాల్సింది లోపలివాడే.

"విను. బల్ల మీద ఉలి ఉంది. తీసుకో. చీలికల మీద పొడుగ్గా గీతలు కనిపిస్తాయి, చెక్క నార. ఆ గీత మీద ఉలి పెట్టి కొడితే రెండుగా చీలిపోతుంది. బలం అక్కర్లేదు."

"చెయ్యి నిలవట్లేదు బావా. ఊపిరి అందట్లేదు."

"మాట్లాడుతున్నావంటే అందుతున్నట్టేగా!"

లోపల ఉలి కింద పడిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. లెక్క కూడా లేదు.

వడ్రంగి తడి నేల మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పొద్దున దేవుడి ముందు కూడా ఇలా కూలబడలేదు. అక్కడ నిటారుగా నిలబడి, చేతులు జోడించి, తన ఇంటి గట్టిదనాన్ని దేవుడికి చూపించి వచ్చాడు. అది దణ్ణమేనా అన్న అనుమానం ఇప్పుడొచ్చింది. రావడానికి ఇదా సమయం!

"ఒరేయ్," అన్నాడు తలుపుకి నోరు ఆనించి. "నాకూ భయంగా ఉందిరా."

కొంచెంసేపటికి లోపల్నుంచి గొంతు వచ్చింది. ఏడుపు కాదు. విసుగు.

"ఇప్పుడు కూడానా బావా? ఇప్పుడు కూడా వెక్కిరించాలా?"

ఆయన నోట ఒక నిజమైన మాట రాకరాక వచ్చింది. కానీ ఆ మాటని ఆయనే కంచాల దగ్గర గొంతు సాగదీసి, కళ్ళు తేలేసి, ఎన్నేళ్ళుగానో అరగదీశాడు. ఇంకెవరైనా అని ఉంటే ఆ కుర్రాడు నమ్మేవాడు. ప్రమాణం చేద్దామనుకున్నాడు. ప్రమాణాల్ని కూడా నవ్వులాటకి వాడేసినవాడే. తనకి మిగిలిన మాట ఒక్కటి కూడా లేదు.

తలుపు కింద, చీలికలకి పక్కగా వేళ్ళు పట్టేంత సందుంది. అందులోకి చెయ్యి దూర్చాడు. కణుపుల మీద తోలు లేచిపోయింది. వేళ్ళు అటు పక్కకి వెళ్ళాయి.

"మాట నమ్మకు. ఇది పట్టుకుని చూడు."

చాలాసేపనిపించింది. తర్వాత చల్లటి అరచెయ్యి ఒకటి ఆ వేళ్ళ మీద వాలింది. కాసేపు అలాగే ఉండి, గట్టిగా పట్టుకుంది.

"వణుకుతున్నాయి," అన్నాడు లోపలివాడు ఆశ్చర్యంగా.

"వణకవూ! పైన రేకు చూశావా ఎలా కొట్టుకుంటోందో! నువ్వు లోపలున్నావు. మీ అక్క కింద నిలబడి ఉంది. నాకు ఏమీ పాలుపోవట్లేదురా."

"చెయ్యి తియ్యి బావా. ఉలి తగుల్తుంది."

మొదటి దెబ్బ జారింది. రెండోదీ జారింది. వడ్రంగి నోట్లోకి మూడు వెక్కిరింపులు వచ్చాయి, మూడూ మింగాడు. అవి మింగడం అంత కష్టమని ఆయనకి తెలీదు. అటు చిన్న చప్పుడైంది, చెక్క నార విడిచే చప్పుడు. ఆ చప్పుడు ఆయన నిద్రలో కూడా గుర్తుపట్టగలడు. ఒకటి పోయింది. ఆ తర్వాత ఇంకొకటి. చివరివి మిగిలుండగానే ఇద్దరూ చెరోవైపు నుంచి తలుపుని కదిలించారు. మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు అయింది. వడ్రంగి చొక్కా పట్టుకుని అతన్ని ఇవతలికి ఈడ్చాడు.

మెట్లు సగం దిగారు. తల మీదుగా పెద్ద చినుగుడు చప్పుడుతో ఆ గది కప్పు లేచి చీకటి మబ్బులోకి వెళ్ళింది.

కిటికీలు లేని నడవాలో ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. భార్య తమ్ముడి తల తుడిచింది, చేతులు తిప్పి తిప్పి చూసింది. ఆ తువ్వాలునే మొగుడి ఒళ్ళోకి విసిరింది.

"రేపు గాలి తగ్గగానే వాడు వెళ్ళిపోతానంటున్నాడు. ఆపడానికి నేను ఒక్క మాట కూడా సాయం రాను. పంపింది మీరు. ఆపేదీ మీరే."

"నేను తప్పు…" అని మొదలుపెట్టాడు వడ్రంగి.

"అదొద్దు బావా," అన్నాడు బావమరిది. మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. "ఇంకా చాలాసేపు వీస్తుంది. ఊరికే కూర్చుంటే నాకు మళ్ళీ ఎక్కువవుతుంది. ఏదో ఒకటి మాట్లాడు. మామూలుగా."

వడ్రంగి తువ్వాలు అందుకున్నాడు. వెక్కిరింపు తీసేస్తే ఆ కుర్రాడితో మాట్లాడడానికి తన దగ్గర ఏముందని వెతుక్కున్నాడు. పదేళ్ళ చుట్టరికం. చేతికి ఏమీ తగల్లేదు. మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"మీ దుకాణంలో," అన్నాడు చివరికి, "కళ్ళజోడు ఫ్రేములో అద్దం ఎలా కూర్చోబెడతారురా? జిగురేమన్నా పెడతారా?"

బావమరిది తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. ఎక్కడైనా నవ్వు దాక్కుందేమోనని జాగ్రత్తగా వెతికాడు.

"ఇన్నేళ్ళకి అడిగారు మహానుభావులు," అని గొణిగింది భార్య గోడవైపు తిరిగి.

"జిగురుండదు బావా," అన్నాడు బావమరిది. ఒక ఊపిరి తీసుకున్నాడు. "ముందు ఫ్రేముని కొంచెం వేడి చేస్తాం."