జ్వరం లేని నాలుగో రోజు

వైరస్ వార్డులో పెద్ద సిస్టర్‌కి అది వరుసగా ఇరవై మూడో రోజు. కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం మానేశాయి. మాస్కు ఒరుసుకుని ముక్కు మీద పుండు పడితే, దాని మీద ప్లాస్టర్ అంటించి మళ్లీ మాస్కే బిగించుకునేది. విసుక్కునే ఓపిక కూడా అయిపోయిందని తోటి నర్సులతో అంటూ ఉండేది.

ఆరో మంచం మీద ఒక లిఫ్టు మెకానిక్కు ఉన్నాడు. యాభై ఏడేళ్ల మనిషి. వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆక్సిజన్ ఎంత పెంచినా చాలక రొప్పుతున్నాడు.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి కంగారు పడకండని ముప్పై ఏళ్లు చెప్పాను సిస్టర్," అన్నాడు మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ. "ఎంత తేలిగ్గా చెప్పానో ఇప్పుడు తెలుస్తోంది."

ఆయన భార్య బట్టలు కుడుతుంది. వార్డు తలుపు దగ్గర నిలబడి పొద్దుటినుంచీ ఆవిడది ఒకటే పాట. "నాలుగో మంచం ఆయనకి ఆ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండ్రోజుల్లో లేచి కూర్చున్నాడు. మా ఆయనేం పాపం చేశాడు?"

ఇవ్వాలనే డాక్టరు కూడా నిర్ణయించాడు. సంతకం తీసుకునే పని పెద్ద సిస్టర్‌ది. కాగితం పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, కాస్త వినండి. ఇప్పుడాయన్ని పీడిస్తున్నది వైరస్ ఒక్కటే కాదు. దాన్ని తరమడానికి లేచిన ఒంటి శక్తి అదుపు తప్పి ఊపిరితిత్తుల్నే దెబ్బ తీస్తోంది. ఈ మందు ఆ శక్తిని అణిచేస్తుంది. కానీ అణిచాక లోపల వేరే రోగమేదైనా నక్కి ఉంటే, దాన్ని ఆపేది కూడా ఉండదు. అందుకే అడుగుతున్నా. ఎప్పుడైనా క్షయ వచ్చిందా? కామెర్లు? పేగుల్లో వాపు, పుండ్లు?"

"లేవు, లేవు. ఏమీ లేవు."

మొదటి 'లేవు' ప్రశ్న పూర్తి కాకముందే వచ్చేసింది. పెద్ద సిస్టర్ అది గమనించింది కూడా. కానీ డ్యూటీ దిగాల్సిన వేళ దాటి గంటన్నరయింది. రెండోసారి అడగలేదు. భార్య సంతకం చేసింది.

మందు పని చేసింది. మూడో రోజుకల్లా ఆక్సిజన్ సగానికి తగ్గించారు. మెకానిక్కు పక్క మంచం ఆయనతో కబుర్లు మొదలుపెట్టాడు. భార్య కళ్లు తుడుచుకుని, పెద్ద సిస్టర్‌కి దండం పెట్టింది.

నాలుగో రోజు పొద్దున ఆయన మాట్లాడలేదు.

"ఏమైందండీ?"

"కడుపు బిగబట్టినట్టుంది. గ్యాసేమోలెండి."

జ్వరం లేదు. నాడి మాత్రం నూట ఇరవై దగ్గర కొట్టుకుంటోంది. పెద్ద సిస్టర్ ఆయన పొట్ట మీద మెల్లగా చెయ్యి వేసి నొక్కింది. ఆయన మంచం పట్టీని గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ తిన్నగా డాక్టరు దగ్గరికి నడిచింది.

డాక్టరు కుర్రవాడు. అతనూ నిద్ర మొహం చూసి వారమైంది. "జ్వరం లేదు, రక్తపరీక్షలో వాపు చూపించే అంకె మామూలుగానే ఉంది సిస్టర్. ఇప్పుడాయన్ని స్కానింగ్‌కి దింపితే, తర్వాత ఆ గదంతా కడిగేదాకా ఇంకెవరికీ తియ్యలేం."

"ఆ మందు పడ్డాక జ్వరం రాదు సర్. ఆ అంకె కూడా పెరగదు. ఆ రెండూ చూసి బాగున్నాడనుకోవడానికి లేదు. ఆక్సిజన్ తగ్గిస్తుంటే నాడి పెరగడమేంటి చెప్పండి?"

అతను కళ్లద్దాలు తీసి ఆవిరి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "సరే, పంపించండి."

మంచం స్కానింగ్ గదికి కదిలాక పెద్ద సిస్టర్ తలుపు దగ్గరికి వెళ్లి, మెకానిక్కు భార్యని పక్కకి పిలిచింది. "ఇదివరకు కడుపు నొప్పితో ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరారా?"

ఆవిడ తల దించుకుంది. "ఆరేళ్లయింది. పేగుకి వాపన్నారు. నాలుగు రోజులు ఉంచుకున్నారు."

"మొన్నడిగితే లేదన్నారు కదమ్మా!"

"ఉందంటే మందివ్వరేమోనని..." ఆవిడ గోడకి ఆనుకుని అక్కడే చతికిలబడింది.

పెద్ద సిస్టర్‌కి కోపం వచ్చింది. కేకలేద్దామనుకుంటే గొంతులో సత్తువ లేదు. ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. "నేనైనా ఇంకోసారి అడగాల్సింది," అంది.

పెద్దపేగుకి చిల్లు పడిందని స్కానింగ్‌లో తేలింది. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. పాడైన ముక్క తీసేసి, మలం పోవడానికి పొట్ట మీద సంచీ అమర్చారు. ఒంటి శక్తిని మందు అణిచేసింది కాబట్టి కోసినచోట చీము పట్టింది, మానడానికి నెల పట్టింది. మనిషి సగమైపోయాడు. అయినా బతికాడు.

ఇంటికి వెళ్లే రోజు బట్టల సంచీ సర్దుతూ భార్య అడిగింది. "ఆ ఇంజెక్షన్ వెయ్యకపోతే ఏమయ్యేది సిస్టర్?"

"ఊపిరందక పోయేవారేమో. కోలుకునేవారేమో. నాకు తెలీదమ్మా."

"నేను నిజం చెప్పుంటే?"

"అప్పుడు కూడా మందిచ్చేవారేమో. కాకపోతే మొదటి రోజునుంచే పొట్ట మీద ఒక కన్నేసి ఉంచేవాళ్లం."

ఆవిడ తలూపింది. మొగుడి చొక్కా మడత విప్పి మళ్లీ మడతపెట్టింది.

మందు వల్ల ఏ హాని జరిగినా పై ఆఫీసుకి రాసి పంపాలి. సాయంత్రం పెద్ద సిస్టర్ ఆ కాగితం ముందేసుకుంది. 'పాత జబ్బుల గురించి ముందుగా అడిగారా?' అన్న చోట 'అడిగాము' అని రాసింది. పెన్ను కింద పెట్టబోయి, పక్కనే 'హడావిడిగా, ఒక్కసారే. నిలబడి' అని చేర్చింది.

డాక్టరు చదివాడు. "ఇది కూడా రాయాలా సిస్టర్?"

"రాయాలి సర్."

అతను సంతకం చేశాడు. "ఆరో మంచానికి కొత్త పేషెంటు వచ్చాడు. అదే ఇంజెక్షన్. వాళ్ల అన్నయ్య బయట ఉన్నాడు. మీరు మాట్లాడతారా?"

"మాట్లాడతాను," అంటూ పెద్ద సిస్టర్ లేచింది. "ఆ తలుపు దగ్గర రెండు కుర్చీలు వేయించండి."