కోసినచోట పసుపు

నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే. నా కూతురు సుక్రి, తన తల్లి దొంగ అని నమ్మి పెరుగుతుందేమోనని. దానికి మూడేళ్ళు. ఇప్పుడు అనంతగిరిలో మేనత్త దగ్గర ఉంది. నేను గుమ్మలక్ష్మీపురం దగ్గర మా అమ్మ ఇంట్లో ఉన్నాను. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

2003లో అనంతగిరి దగ్గర సూర్యనారాయణ గారి మొక్కల షెడ్డులో పనికి కుదిరాను. ఆయన విజయనగరం వైపు మనిషి. కాఫీ తోట పక్కన ఆకుపచ్చ వల కట్టి, ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన ఆర్కిడ్లు పెంచేవారు. వాటిలో ముప్పై కుండీలు చెప్పుపువ్వువి. పువ్వు కింది పెదవి చెప్పు ముందుభాగంలా ఉబ్బి ఉంటుంది. ఆ పని చూపించింది మా ఆయన ఫల్గుణ అక్క, స్వర్ణ వదిన. ఆమెదీ అక్కడే పని. మొదటిరోజు నాకు పువ్వు చూపించి నవ్వింది.

"ఏటే గంగా, ఒంటి చెప్పే ఉంది. రెండోది బాబుగోరు ఏసుకెళ్ళిపోయినారేటి?"

పువ్వు ఉన్నన్నాళ్ళు ఏది ఏ రకమో ఎవరైనా చెప్తారు. రాలాకే తంటా. వానలకి చీటీల మీద రాత చెరిగిపోయింది. నేను ఆకు చూసి పోల్చడం నేర్చుకున్నాను. పాముచర్మంలా మచ్చలున్న ఆకువి వెచ్చగా ఉండాలి, నున్నటి పచ్చాకువి చల్లగా ఉండాలి. ఆ పచ్చాకుల్లో ఒకే ఒక్క కుండీలో, ఆకు తిరగేస్తే మొదలు దగ్గర వంకాయరంగు చుక్కలు, పొడి చల్లినట్టు. సూర్యనారాయణ గారికి అదంటే ప్రాణం.

సుక్రిని వీపున కట్టుకుని, పువ్వు రాలిన కాడని మొదలంటా కోసి, కోసినచోట పసుపు అద్దేదాన్ని. కత్తితో చెయ్యి తెగితే మా అమ్మ మాకు అద్దినట్టే. ఆయన మొదట నవ్వారు. కుళ్ళు రాకపోవడం చూశాక ఊరుకున్నారు. ఆకుల నడుమ నీళ్ళు నిలిస్తే గుడ్డపీలికతో తీసేసేదాన్ని. ఒకసారి పూసిన మొక్క మళ్ళీ పూయదు, పక్కన వచ్చే పిలకే పూస్తుంది. అలాగని పెద్దదాన్ని పీకకూడదు, పిలకకి బలం అందులోంచే వస్తుంది.

ఇవన్నీ వదినకి నేనే చెప్పాను. సుక్రిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆమె అడుగుతుంటే, ఆకు తిరగేసి చుక్కలు చూపించాను, పిలకకి సొంత వేళ్ళు వచ్చాయో లేదో వేలితో తడిమి చూడడం చూపించాను. ఎవరికైనా ఏదైనా నేర్పడం నాకదే మొదటిసారి. ఎంత సంబరపడ్డానో.

కిందటి వానల్లో ఒక ఉదయం ఆ చుక్కల కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపించింది. పెద్ద మొక్క ఉంది, పిలక లేదు. కోత నున్నగా ఉంది. కోసినచోట పసుపు ఉంది.

నేను చెప్పేలోపే వదిన ఆయన్ని పిలుచుకొచ్చింది.

"ఆ పసుపు సూడండి బాబూ. మొక్కకి పసుపెట్టేది ఈ కొండమీద గంగ కాక ఇంకెవులు?"

ఆయన కోత చూసి, నా చేతులు చూశారు. నా గోళ్ళు పచ్చగా ఉన్నాయి. రోజూ ఉండేవే. ఆ పిలకకి రెండే వేళ్ళు బాబూ, నేనైతే ఇప్పుడే కోయను అన్నాను. రేపట్నుంచి రావద్దన్నారు.

జీపు నడిపే కొండబాబు తర్వాత నాతో అన్నాడు, గోనెపీలికలో చుట్టిన మొక్కని విశాఖ నుంచి వచ్చిన ఒకాయనకి స్వర్ణే ఇచ్చిందని. ఆ మాట సూర్యనారాయణ గారి ముందు చెప్పమంటే, నాకెందుకీ గొడవ అన్నాడు. ఫల్గుణకి చెప్తే నావైపు తిరగలేదు. చిన్నప్పుడు తల్లి పోతే అతన్ని ఎత్తుకు పెంచింది ఆ అక్కే. ఆమెకి పిల్లల్లేరు.

"సుక్రి గుంట నా కాడుంటాది. నువ్వు పేరు బాగుసేసుకుని రా" అంది వదిన, నన్ను లోపలికి రానీకుండా గుమ్మంలో నిలబడి.

సుక్రి ఏడవలేదు. ఆ ఒళ్ళు దానికి అలవాటే కదా. నేను నేర్పించినంతసేపూ అందులోనే కూర్చుంది.

రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ పిల్ల నిద్రపోతోందన్నారు.

మీలో అనంతగిరి మీదుగా అరకు వెళ్ళేవాళ్ళు ఉంటారు. కాఫీ తాగడానికి ఆగినప్పుడు ఆ షెడ్డు దాకా నడవండి, వదిన పనికి వస్తూ సుక్రినీ తెస్తుంది. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉన్న పిల్ల. నా పేరు ఎత్తకండి, ఎత్తితే లోపలికి తీసుకుపోతారు. నేను వచ్చేనాటికి దానికి దగ్గు, అది తగ్గిందో లేదో వినండి. వదిన పక్కన లేనప్పుడు, మీ అమ్మ ఏదమ్మా అని అడగండి. అది ఏం చెప్పినా దాచకుండా నాకు రాయండి.