ఢిల్లీ దాకా పోయిన ప్రార్థన

బోధన్‌లో మార్తవ్వ ప్రార్థన సంగతి తెలియని వాళ్లు తక్కువ. ఆమె కళ్లు మూసుకుని మొదలుపెట్టిందంటే అది పల్లెవెలుగు బస్సులాగా ప్రతి ఊళ్లోనూ ఆగుతూ పోయేది. ముందు ఇల్లు, తర్వాత గల్లీ, ఆ తర్వాత కోటగిరిలో ఉన్న బంధువులు, నిజామాబాద్ పెద్దాసుపత్రిలో పడుకున్న రోగులు. పోచంపాడ్ డ్యాము నిండాలనేది. ఆ వెంటనే, మెండోరలో తమ్ముడి పసుపు ఎండేదాకా చుక్క వాన పడకూడదనేది. రెండూ ఎలా కుదురుతాయో చూసుకోవడం దేవుడి పని. అక్కడి నుంచి హైదరాబాదు, ఢిల్లీ, ఆఖరుకు యెరూషలేము. ఈలోపు ఆమెను పిలిచిన వాళ్ల పళ్లాల్లో అన్నం చల్లారిపోయేది.

అయితే ఇంట్లో మాత్రం ఆ ప్రార్థన ఏనాడూ ఢిల్లీ చేరలేదు. భర్త దేవిదాస్ చేరనిచ్చేవాడు కాదు. బోధన్ డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్సులో ఒక్క గంట కొడితే ఆపమని, రెండు కొడితే పొమ్మని. భార్య ప్రార్థన నిజామాబాద్ దాటి పోచంపాడ్ దరిదాపులకు రాగానే, చెంచాతో స్టీలు గ్లాసు మీద టంగుమని ఒక్కటి కొట్టి, "ఆమెన్" అనేవాడు.

మార్తవ్వ ఒక కన్ను తెరిచి, "దేవుని తోని మాట్లాడుతుంటే బ్రేకు కొడ్తవా?" అనేది.

"దేవుడు ఆగుతడు. నా కడుపు ఆగది. పెట్టు," అనేవాడు దేవిదాస్.

పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస. ఇద్దరిలో ఎవరూ మారలేదు, మారాలని అనుకోనూ లేదు.

దసరా పోయిన వారంలో దేవిదాస్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోటి మాట మూడూ ఒక్కసారే పోయాయి. మార్తవ్వ ఆసుపత్రి వరండాలో ఎంత గట్టిగా ప్రార్థన చేసిందంటే, పక్క వార్డు రోగులు లేచి కూర్చున్నారు. నర్సు వచ్చి దండం పెట్టి నోరు మూయించింది. ఇంటికొచ్చాక కాలు కొంచెం కదిలింది, కర్ర పట్టుకుని బాత్రూము దాకా నడుస్తున్నాడు. మాట మాత్రం రాలేదు. డాక్టరు రావచ్చన్నాడు, రాకపోవచ్చనీ అన్నాడు. రోజూ మాట్లాడించమన్నాడు. మార్తవ్వ ఎదురుగా కూర్చుని "అమ్మ అను, ఆవు అను" అని ఒకటో తరగతి పాఠం మొదలుపెట్టింది. బస్టాండు మొత్తం దద్దరిల్లేలా ఊర్ల పేర్లు అరిచి బతికిన మనిషికి ఎలా ఉంటుంది? గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది మార్తవ్వ ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున మోకరించి "ప్రభువా" అంది. రెండో మాట రాలేదు. మర్నాడూ అంతే. ఆయనకు మాట పోతే ఈమెకు ప్రార్థన పోయింది. పైన వినేవాడున్నాడో లేడో అన్న అనుమానం ఒకవైపు, ఉంటే గనక గట్టిగా కడిగెయ్యాలన్నంత కోపం ఇంకొకవైపు. లోకంలో ఇన్ని నోళ్లుండగా గీ ఒక్క నోరే దొరికిందా నీకు, అని లోపల్లోపలే అడిగింది. అడిగినందుకు భయపడింది.

భయమైతే పడింది గానీ, ఊళ్లో పేరుందే, దాన్నేం చెయ్యాలి? చర్చిలో అక్కచెల్లెళ్లు ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తూ తన వంతు దగ్గరికి వస్తే దగ్గు తెచ్చుకునేది. కోటగిరి పక్క క్యాంపు నుంచి ఇందిరాదేవి ఫోన్ చేసి, చెరుకు తోటలో బోరు మోటారు ఆగిపోయిందని, ఒక్కసారి వచ్చి ప్రార్థన చేసిపొమ్మని అడిగింది. వాళ్లు కోస్తా నుంచి వచ్చి ఆ క్యాంపులో స్థిరపడ్డ రైతులు, ఇంట్లో రోజూ పూజ జరుగుతుంది. అయినా మోటారు దగ్గర మాత్రం మార్తవ్వే కావాలి. ఆమె వెళ్లి, కళ్లు మూసుకుని, పెదవులు ఆడిస్తూ "ఎడపల్లి, జానకంపేట, నిజామాబాద్" అని మొగుడి బస్సు స్టాపులు అనుకుని వచ్చింది. మోటారు నడిచింది. "అంతా మీ ప్రార్థన మహిమేనండీ మార్తమ్మగారూ," అంటూ ఇందిరాదేవి బెల్లం పంపింది. ఆ బెల్లం మార్తవ్వకు గొంతు దిగలేదు.

ఇంట్లో భోజనం దగ్గరా అదే నాటకం. కళ్లు మూసుకుని, మర్యాదకు కాసేపు ఆగి, తెరిచి వడ్డించేది. దేవిదాస్ అన్నం ముట్టకుండా ఆమె వైపే చూసేవాడు. పప్పు చాలలేదేమోనని ఇంకో గరిటె పోసేది. మళ్లీ చూసేవాడు. తొక్కు పచ్చడి వేసేది. ఆయన పెద్ద ఊపిరి వదిలి, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినేవాడు. పండుకున్న మనిషికి పొట్ట పెరగసాగింది.

పసుపు ఉడకబెట్టే రోజులొచ్చాయి. ఆదివారం పాస్టరు శేఖర్, కొత్తగా వచ్చిన కుర్రవాడు, చర్చిలో ఒక మాట చెప్పాడు. "ఈ గురువారం కూడిక దేవిదాస్ గారింట్లో. మార్తమ్మ గారే ప్రార్థన నడిపిస్తారు." అందరూ సంతోషించారు. మార్తవ్వ ఇంటికొచ్చేదాకా అదే ఆలోచించింది. ఇంతమంది ముందు ఎడపల్లి, జానకంపేట అంటే నడుస్తుందా?

గురువారం సాయంత్రం వంటకు సాయం రమ్మని పక్కింటి లింగవ్వను పిలుచుకుంది. లింగవ్వది పసుపు పండించే కుటుంబం. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. పోచమ్మకు బోనం ఎత్తుతుంది, చర్చి గడప ఎన్నడూ తొక్కలేదు. బగారన్నం దించి కోడికూర పొయ్యి మీదికి ఎక్కించేసరికి, ముందు గదిలో పాటలు అయిపోయాయి. దేవిదాస్ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు స్టూలు మీద పళ్లెం, గ్లాసు, చెంచా పెట్టి ఉన్నాయి.

"ప్రార్థన చేద్దాం," అన్నాడు శేఖర్. అందరూ కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా," అంది మార్తవ్వ.

కళ్లు తెరిచి పాస్టరు వైపు చూసింది.

"నాకు వస్తలేదు అయ్యగారూ," అంది. "ఈయన పడ్డ సంది ఒక్క ప్రార్థన చెయ్యలే. ఉత్త పెదవులు ఆడిస్తున్న. లోపల ఏం లేదు. ఉన్నడో లేడో గూడ తెలుస్తలేదు నాకు."

అందరూ కళ్లు తెరిచారు. శేఖర్ బైబిలు తెరిచి పేజీలు అటూ ఇటూ తిప్పాడు. చదువుకున్న చదువులో దీనికి పాఠం ఉన్నట్టు లేదు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి లింగవ్వ గరిటెతో సహా ముందుకొచ్చింది.

"గంతేనా? అక్కకు రాకపోతే నేను సేస్త. కండ్లు మూసుకోవాల్నా?"

"మూసుకుంటే మంచిదమ్మా," అన్నాడు శేఖర్ బిత్తరపోయి.

"కూర పొయ్యి మీదున్నది. ఒక్కటి మూసుకుంట."

ఒంటి కన్నుతోనే మొదలుపెట్టింది. "ఏసయ్యా, నేను లింగవ్వను, పక్కింటి దాన్ని. నీకు నేను ఎరుక లేదు. నువ్వు నాకు గోడ అవుతలికెల్లి ఎరుక. గీ అక్క నీ పేరు మీద ఇన్నేండ్లు నా చెవులు తిన్నది. గిప్పుడు గోడ అవుతల సప్పుడు లేదు. నాకు నిద్ర పడ్తలేదు. నా కొడుకు జరమొచ్చి పడుంటే మా అందరికన్న ముందు గీమెనే నిన్ను లేపింది. గిప్పుడు గీమె నోరు బందైంది. పిలిస్తెనే వస్తనంటె ఎట్ల? నువ్వన్న జర నడిచి రావాలె గద."

ముందు గదిలో ఎవరో ముక్కు చీదారు. మార్తవ్వకు కళ్ల నీళ్లు ఆగలేదు. తను మోయలేక కింద పెట్టేసిన బరువును ఈ పచ్చ చేతుల మనిషి ఎత్తుకుంది, అడగకుండానే.

అంతవరకూ బాగానే ఉంది. ప్రార్థన ఎలా ఆపాలో లింగవ్వకు ఎవరూ చెప్పలేదు. "నిజామాబాద్ మార్కెట్ల పసుపు రేటు గూడ జర సూడు. మా కోడలు గిన్నెలు నానబెట్టి పోతది, గది సూడు. కరెంటాయన రాత్రి కరెంటు ఇస్తుండు..."

శేఖర్ చిన్నగా దగ్గాడు.

"అయ్యగారు దగ్గుతుండు, ఆయనను గూడ సూడు. పోచంపాడ్ల మా అన్న చేపలు పడ్తడు, ఆయనకు వల సినిగింది..."

టంగ్.

స్టీలు గ్లాసు. ఒక్కటే దెబ్బ.

"ఆ... మే..."

మంచం మీద నుంచి వచ్చింది. చివరి అక్షరం లేదు, నోరు ఒక పక్కకు వంకర పోయింది, చెంచా ఇంకా ఎడమ చేతిలోనే ఉంది. అయినా అది 'ఆమెన్' అనే మాటేనని ఆ ఇంట్లో అందరికంటే ముందు మార్తవ్వకు తెలిసింది.

"అయిపోయిందా? మా బర్రె సంగతి సెప్పనే లే," అంది లింగవ్వ.

మార్తవ్వ మొగుడి ముఖం చూసింది. రోజూ భోజనం దగ్గర చూసే చూపే అది. ఇన్ని నెలలూ ఆయన అడిగింది పప్పు కాదని అప్పుడు అర్థమైంది. ఆయన ఆమె నోటి వైపు చూస్తూ, ప్రార్థన ఎప్పుడు మొదలవుతుందా, ఎప్పుడు ఆపుదామా అని చెంచా పట్టుకుని కూర్చున్నాడు. ఆమె మొదలుపెడితే గదా.

"గిందుకా సూస్తున్నవు?" అంది మంచం పట్టె పట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ. "నేను పప్పు పోసుకుంట పోతున్న."

దేవిదాస్ కళ్లు తుడుచుకోలేదు. చెంచాతో పళ్లెం చూపించి, "ఆ... మే..." అన్నాడు మళ్లీ, కోపంగా. కోడికూర అడుగంటింది. అయినా అందరూ రెండోసారి వేయించుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే. మార్తవ్వ అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, నీ మీద నాకు కోపం ఇంక పోలే. అయినా వినవడ్తే విను," అంది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఇల్లు, గల్లీ, లింగవ్వ, లింగవ్వ బర్రె. కోటగిరి, నిజామాబాద్. పోచంపాడ్ దగ్గర కొంచెం మెల్లగా పోయింది. గంట వినిపించలేదు. మెండోర దాటింది. హైదరాబాదు వచ్చింది, గంట లేదు. ఢిల్లీ చేరింది. ఈ ఇంట్లో ఇంత దూరం ఏనాడూ రాలేదు, అక్కడ ఎవరి కోసం అడగాలో కూడా గుర్తులేదు.

ఒక కన్ను తెరిచింది. దేవిదాస్ రెండు కళ్లూ మూసుకుని వింటున్నాడు. చెంచా గ్లాసు మీద ఆనించి పెట్టుకున్నాడు. కొట్టాలన్న తొందర ఆయన ముఖంలో లేదు.

"కొట్టరాదయ్యా," అంది మార్తవ్వ. "అన్నం సల్లారుతున్నది."

అప్పుడు కొట్టాడు.