మోకాలు ఇవ్వను

పళ్ల డాక్టరమ్మంటే నాకు కుళ్లు. దాచుకోవడానికేముంది, ఇంటిల్లిపాదికీ తెలుసు. పళ్లు పీకే మనిషి పళ్లు పీక్కోక, మా ఆయన పక్కన కూర్చుని రోబోలు కట్టడం దేనికి?

మా ఆటల గది లాండ్రీ పైన ఉంటుంది. ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో అరచేతిలో పట్టేంత యుద్ధ రోబోలు కట్టుకుని, బల్ల మీద పాచికలు వేసి పోరాడిస్తాం. మా ఆయన రోబోలో నాదంటూ ఉన్నది ఒక్కటే, మోకాలు. మిగతావాళ్ల రోబో దెబ్బ తప్పించుకోవడానికి మోకరిల్లితే చేత్తో లేపాలి, దాంతో ఆడే వంతు ఒకటి పోతుంది. మాది దానంతటదే లేస్తుంది. నేను బట్టలు కుట్టే మనిషిని. మిషను దగ్గర మిగిలిన సన్నటి ఎలాస్టిక్ ముక్కలను ఒకరోజు రెండు కాళ్లలోనూ ఇటుకల మధ్య బిగించాను. ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు.

డాక్టరమ్మ చేరినప్పటి నుంచీ ఆ మోకాలి మీదే కన్ను. మా ఆయన కళ్లద్దాల కొట్టు మూసి నేరుగా ఆవిడ క్లినిక్‌కి వెళ్లసాగాడు, రోబో కట్టడం నేర్పాలట. సన్నటి పట్టకారుతో ఆవిడ ఇటుకలు ఎంత ముచ్చటగా పెడుతుందో ఇంటికొచ్చి నాకే వర్ణించేవాడు. వడ్డిస్తున్న గరిటె విసిరేయాలనిపించేది. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. ఈయన ఎప్పుడో చెప్పేసే ఉంటాడని నా అనుమానం.

ఈ ఆదివారం పోటీలో, ఎప్పుడూ నా జట్టులో ఆడే మా ఆయన, పాపం కొత్త కదా అంటూ ఆవిడ జట్టులోకి వెళ్లాడు. నాకు మా మరిదిని అంటగట్టాడు. మొదటి వంతులోనే డాక్టరమ్మ రోబో గోడ చాటున చక్కగా మోకరిల్లింది. గుట్టు చెప్పేశాడన్నమాట! నా ఒళ్లు భగ్గుమంది. వంగింది సరే, లేచిందా అని చూసేంత ఓపిక నాకెక్కడిది?

ముందు డాక్టరమ్మ సంగతి చూద్దామని మరిది మొత్తుకున్నాడు. నేను వింటేగా. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు మా ఆయన రోబో మీదే పడ్డాను. దెబ్బ తగిలినప్పుడల్లా రోబో గలవాడే తనకిష్టమైన భాగం ఒకటి ఊడదీసి, అందరూ చూసేలా మధ్యనున్న పళ్లెంలో పెట్టాలి. ఆరో దెబ్బకు రోబో కూలినట్టే. జట్టులో ఒకటి కూలినా ఓటమే.

ముందు డాలు ఇచ్చాడు, తర్వాత తల. ఆ తర్వాత భుజం మీది ఫిరంగి కూడా ఇచ్చేశాడు. మా మరిది ముసిముసిగా నవ్వుకున్నాడు. రెండు చేతులూ పోయాయి.

డాక్టరమ్మకు విసుగొచ్చింది. "ఫిరంగి ఎందుకిచ్చారండీ? కాలు ఇచ్చుంటే కూర్చుని అయినా కాల్చేవాళ్లు కదా. నా రోబో చూడండి, వంగితే మళ్లీ నేను లేపాల్సిందే. ఎన్నిసార్లడిగినా ఆ మోకాలి సంగతి చెప్పరు."

మా ఆయన పళ్లెం వంకే చూస్తూ మెల్లగా అన్నాడు. "మోకాలు ఇవ్వను. అది నాది కాదండీ, మా ఆవిడది. కావాలంటే తననే అడగండి."

నా వైపు చూడలేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టి ఆ మనిషిని ఎంత సాధించానో నాకు తెలుసు. సిగ్గేసింది.

వంతు నాది. ఆయన వెంటపడి బల్ల మూలకు వచ్చేశాను, డాక్టరమ్మ రోబో నాకు అందదు. ఆయన రోబోకు మిగిలింది మొండెం, రెండు కాళ్లు. ఇంకొక్క దెబ్బ వేస్తే గెలుపు మాదే. కానీ ఏదో ఒక కాలు ఊడదీయక తప్పదు, ఏది తీసినా నా ఎలాస్టిక్ అందరి ముందూ పళ్లెంలో పడుతుంది. డాక్టరమ్మ మెడ చాచుకుని కూర్చుంది. పట్టకారు కూడా చేతిలోకి తీసుకుంది, మహాతల్లి.

"వెయ్యి వదినా" అన్నాడు మరిది.

పాచికలు బల్ల మీద పెట్టేశాను. "నా వంతు వదిలేస్తున్నా."

మరిది తల పట్టుకున్నాడు. అప్పటికే ఐదు దెబ్బలు తిని ఉన్న నా రోబోను డాక్టరమ్మ వెంటనే కూల్చేసింది.

గెలిచిన కప్పు పట్టుకుని ఆవిడ మా ఆయన పక్కన ఫోటోకు నిలబడింది. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా. నాకు మళ్లీ కడుపు మండింది. వాళ్లు ఫోటోకు నవ్వుతుండగానే, ఆవిడ పట్టకారు మోకాలి మీద పడకముందే, ఆ మొండి రోబోను పళ్లెంలోని ముక్కలతో సహా నా సంచిలో వేసుకున్నాను.